కదలని బస్సులో కామెంటరీ

నా పై వరుస పన్ను ఒకటి విరగ్గొట్టిన మనిషి మొన్న కడపలో పోయాడు. ఆయన చిన్నకొడుకు ఫోన్ చేసి చెప్పాడు. మధ్యాహ్నం అన్నం తిని అరుగు మీద కూర్చున్నాడట. ఎదురింటి టీవీలో ఎవరో నాయకులు ఒకరి మీద ఒకరు పడి అరుచుకుంటుంటే, దాన్ని కట్టెయ్యమని ఆ ఇంటివాళ్లను తిడుతూ తిడుతూనే గోడకు ఆనుకున్నాడట. మళ్లీ లేవలేదు. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు, ఒళ్లంతా మండిపోయింది. ఆ అరుపులగాళ్లను ఆయన జీవితమంతా తిట్టాడు, చివరికి వాళ్ల గొంతులు వింటూనే పోవాల్సి వచ్చింది కదా అని.

మేమంతా ఆయనను ఉస్తాద్ అనే పిలిచేవాళ్లం. ఎనభైల చివర్లో నేను మస్కట్ వెళ్లినప్పుడు మా కంపెనీ క్యాంపు రుసైల్‌లో, సైట్లు ఖురంలో ఉండేవి. నాది చువ్వలు వంచి కట్టే పని. పొద్దున మమ్మల్ని ఎక్కించుకుపోయి సాయంత్రం తెచ్చి దింపే బస్సుకు ఉస్తాద్ డ్రైవరు. సన్నటి మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం. కోపం మాత్రం బస్సులో అందరికీ పంచినా మిగిలేది. ఆ బస్సులో నిజామాబాద్, కరీంనగర్ వైపు మావాళ్లు ఉండేవాళ్లు, పాతబస్తీ హైదరాబాదీలు ఉండేవాళ్లు, పాకిస్తాన్ నుంచి వచ్చిన పఠాన్లు ఉండేవాళ్లు.

స్టీరింగ్ పక్కన ఒక ట్రాన్సిస్టర్‌ను ఆయన నా దగ్గరున్న బైండింగ్ వైరుతోనే కట్టించుకున్నాడు. దాని నుంచి ఒక తీగ కిటికీ గుండా పైకప్పు మీదికి పోయేది. బస్సు ఊగినప్పుడల్లా తీగ జారేది. ఆయన వెనక, డోరు పక్క సీటు నాది కాబట్టి తీగ పట్టుకునే పని నాకే పడింది. నా పేరు ఆయనకు ఎప్పుడూ నోరు తిరగలేదు, చువ్వలోడా అనేవాడు. చువ్వలోడా, తీగె పట్టుకో అంటే రేడియో మొదలవుతుందని బస్సంతటికీ తెలిసిపోయేది.

మా అసలు రేడియో రోజు శుక్రవారం. ఆ రోజు సెలవు. షార్జాలో ఇండియా, పాకిస్తాన్ ఆడుతున్నాయంటే మధ్యాహ్నం నమాజు అయ్యేసరికి క్యాంపంతా బస్సు దగ్గరికి చేరేది. రేకుల గదుల్లో స్టేషను పట్టేది కాదు, బస్సు తీగకే పట్టేది. ఇంజను ఆపి, కిటికీలన్నీ తీసి, ఎటూ కదలని బస్సులో ఎవరి డ్యూటీ సీట్లో వాళ్లం కూర్చునేవాళ్లం. సెలవే కదా అని ఇంకొకడి సీట్లో కూర్చుంటే కాలరు పట్టి లేపేవాళ్లు. స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని, నూనె రాసుకుని మరీ వచ్చేవాళ్లం.

ఆ కామెంటరీ సంగతి చెప్పాలంటే ఇప్పటికీ నాకు చేతులు పిసుక్కోవాలనిపిస్తుంది. బౌలరు పరుగెత్తుకొస్తున్నాడు అంటాడు. అంతే, జనం హోరు. ఆ హోరులో వీడి అరుపు. అద్భుతం, అమోఘం, ఏం ఆట, వీళ్ల నాన్న కూడా ఇలాగే ఆడేవాడు, ఆయనతో కలిసి నేను ఒకసారి టీ తాగాను అంటాడు. పక్కవాడు ఆ టీని పొగుడుతాడు. మూడోవాడు ముందు వరుసలో కూర్చున్న పెద్దమనిషి తెల్ల దుస్తులను వర్ణిస్తాడు. ఔటయ్యాడా, ఫోరు పోయిందా, అసలు బ్యాటుకు తగిలిందా, ఒక్కడు చెప్పడు. మేము సీటు అంచుకొచ్చి ఊపిరి బిగబట్టి కూర్చుంటే సబ్బు ప్రకటన వచ్చేది.

ఉస్తాద్ గేరు పక్కన ఒక పానా పెట్టుకునేవాడు. కోపం వస్తే దానితో డ్యాష్‌బోర్డు మీద ఠంగుమని కొట్టేవాడు. అక్కడంతా సొట్టలే. "బాలు యాడికి బోయిందో సెప్పి సావురా. నీ టీ సంగతి ఎవురికి గావాల," అని రేడియో మీదికి వంగి అరిచేవాడు. వాడికి వినపడదని మేము నవ్వితే మమ్మల్ని కూడా తిట్టేవాడు.

మావాళ్లలో చాలామందికి ఉర్దూ సగమే అర్థమయ్యేది. అందుకని ఓవరు అయ్యాక ఉస్తాద్ మావైపు తిరిగి తెలుగులో చెప్పేవాడు. నిజానికి ఆయనకు క్రికెట్ పెద్దగా తెలియదు. ఎవరు ఎక్కడ నిలబడతారో ఆ పేర్లు ఒక్కటీ రావు. అందుకని ఆటను బస్సులోనే ఆడించేవాడు. బాలు డోరు పక్కకు పోయింది, ఎనక సీట్ల దాకా దొర్లింది, స్టీరింగు కాడ పట్టుకున్నాడు అనేవాడు. వెనక సీట్లవాళ్లు బాలు తమ వైపు వచ్చినప్పుడు కాళ్లు పైకి లేపి మరీ సంబరపడేవాళ్లు. ఎన్నో ఏళ్ల తర్వాత ఇంట్లో టీవీలో మైదానం చూసినప్పుడు కూడా నాకు డోరు ఏ పక్కన ఉందో చూసుకోవాలనిపించేది.

ఒక శుక్రవారం ఆట చివరికొచ్చింది. ఒక్క ఫోరు పోతే మనదే గెలుపు. మా పక్క ఊరి గంగారాం, నాకు అన్న వరస, లేచి నిలబడ్డాడు. రేడియోలో వాడు చౌకా, అంటే ఫోరు, అని గొంతు చించుకున్నాడు. మావాళ్లు సీట్లెక్కి గంతులు వేశారు. గంగారాం తన టిఫిన్ డబ్బా తీసి ముందు సీట్లో ఉన్న పఠాన్ మేస్త్రి నెత్తి మీద దరువు వేశాడు. అప్పుడు రేడియోలో గొంతు కాస్త తగ్గింది. కాదు, కాదు, గీత దగ్గర పట్టేశారు, ఆట అయిపోయింది అన్నది. పఠాన్ మేస్త్రి లేచి ఆ డబ్బానే లాక్కుని గంగారాం కనుబొమ్మ మీద ఒక్కటిచ్చాడు. ఇక చూడండి. కిటికీ అద్దం పగిలింది, ఒకడి చెవి కొరికారు, ఒకడిని డోరులోంచి కిందికి తోశారు. బస్సులో నెత్తురు కారుతుంటే రేడియోలో వాడు తీరిగ్గా సూర్యాస్తమయాన్ని వర్ణించాడు.

ఆ తర్వాత ఉస్తాద్ ఒక కట్టుబాటు పెట్టాడు. రేడియో ఏం అరిచినా సరే, తాను చెప్పేదాకా బస్సులో ఎవరూ నోరు తెరవకూడదు. బ్యాట్స్‌మన్ ఔటన్నా, సిక్సరన్నా ఆయన ముందు మన దేశపు స్టేషను వినేవాడు, వెంటనే ముల్లు తిప్పి పాకిస్తాన్ స్టేషను వినేవాడు. రెండు చోట్లా ఒకే మాట వస్తే అప్పుడు చెయ్యి పైకెత్తి ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పేవాడు. అప్పుడే గెలిచినవాళ్లు అరవాలి, ఓడినవాళ్లు తిట్టుకోవాలి. ఆ ముల్లు తిరిగేంతసేపు బస్సు బస్సంతా ఆయన వేళ్లవైపే చూస్తూ కూర్చునేది. కొట్లాటలు ఆగిపోయాయని కాదు, ఆట గురించి మాత్రం ఆగిపోయాయి. చారు గురించి, బాత్‌రూమ్ వరుస గురించి యథాప్రకారం కొట్టుకునేవాళ్లం.

సాయంత్రం డ్యూటీ నుంచి తిరిగొచ్చేటప్పుడు చర్చలు వచ్చేవి. ఎలక్షన్లు వచ్చినా, ప్రభుత్వం పడినా, పక్క దేశాల్లో యుద్ధం వచ్చినా నలుగురు పెద్దమనుషులను కూర్చోబెట్టి అరిపించేవాళ్లు. క్రికెట్‌వాళ్లు ఎంతో నయం, కనీసం ఆఖర్లో ఎవరు గెలిచారో చెప్పేవాళ్లు. వీళ్లు అదీ చెప్పరు. మీ పార్టీ ముందు మొదలుపెట్టింది, కాదు మీ పార్టీయే అంటూ అరగంట గడిపేసి శుభాకాంక్షలతో ముగించేవాళ్లు. యాడ జరిగింది, ఎవురికి తగిలింది, అది సెప్పండ్రా ముందు, అని ఉస్తాద్ పానాతో కొట్టేవాడు. బాలు యాడుందో ఈళ్లకూ తెలీదు, అనేవాడు. అయినా ఒక్కరోజు కూడా వినడం మానలేదు. ఎందుకు వింటావు ఉస్తాద్ అని ఒకసారి అడిగాను. ఇంటి సంగతి ఇంకెవుడు సెప్తాడు రా అన్నాడు. ఉత్తరం రావడానికి వారాలు పట్టే రోజులవి.

తొంభైల మొదట్లో ఒక చలికాలం మన దేశంలో మతం పేరుతో అల్లర్లు చెలరేగాయి. ఆ వారం బస్సులో ఎవరూ ఎవరి మొహం చూసుకోలేదు. మావాళ్లు ఒకవైపు, హైదరాబాదీలు ఒకవైపు సర్దుకుని కూర్చునేవాళ్లు. అన్నేళ్లలో మొదటిసారి సీట్లు మారాయి. ఉస్తాద్ పెద్దకూతురు కాపురం చేస్తున్న ఊళ్లో కర్ఫ్యూ అని ఒకరోజు పొద్దున వార్తల్లో వచ్చింది. ఆమెకు చిన్న పిల్లవాడు. ఉస్తాద్ పొద్దున్నుంచి తిండి తినలేదని మెస్‌వాడు నాతో చెప్పాడు.

సాయంత్రం ఖురం నుంచి బయల్దేరాం. చర్చ మొదలైంది. ఒకడు ఆ ఊరి పేరే ఎత్తాడు. ఒక వీధి వీధంతా బూడిదైంది, ఒక్క ప్రాణం మిగల్లేదు అన్నాడు. రెండోవాడు, పచ్చి అబద్ధం, అక్కడ పొగ కూడా లేవలేదు అని అరిచాడు. మూడోవాడు నవ్వాడు. నిజంగానే నవ్వాడు, నేను విన్నాను. ఉస్తాద్ సౌండు పూర్తిగా పెంచాడు. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ముల్లు. తిప్పితే అవతలి స్టేషన్లో గురగుర తప్ప ఏమీ లేదు. మళ్లీ ఇటు తిప్పాడు. ఏ వీధి, ఏ వీధి అని తనలో తనే అనుకుంటున్నాడు. కాలు మాత్రం ఆక్సిలరేటర్ మీదే ఉంది. ముందు ఇసుక లారీ ఒకటి పోతోంది, దాని వెనక తలుపు మీది అక్షరాలు నాకు పెద్దవవుతూ కనిపించాయి. ఉస్తాద్, బ్రేకు అన్నాను. వినలేదు. నేను ముందుకు వంగి రేడియో కట్టేశాను.

పానా వచ్చి నా మూతి మీద పడింది. తెల్లటి మంట ఒకటి కళ్ల ముందు లేచింది. నోట్లో ఉప్పటి నెత్తురు, నాలుక మీద విరిగిన పన్ను. బస్సు రోడ్డు దిగి కంకర మీద దడదడలాడి ఆగిపోయింది. "ఈది పేరు సెప్పబోతా ఉన్నాడు గదరా," అన్నాడు ఉస్తాద్. తిట్టినట్టు కాదు. అడుక్కున్నట్టు అన్నాడు.

మా వాడిని కొట్టిండు అని గంగారాం వెనక నుంచి లేచాడు. హైదరాబాదీలు అడ్డం వచ్చారు. ఇనుప టోపీలు, టిఫిన్ డబ్బాలు, చువ్వలు కట్టే కొక్కేలు, చేతికి ఏది దొరికితే అది. గంగారాం మోచెయ్యి సీటు కడ్డీ మీద విరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అప్పటిదాకా రేడియోలో ఉన్న మాటలన్నీ ఇప్పుడు మా నోళ్లలోంచి వచ్చాయి. ఒకే ప్లేటులో తిన్నవాళ్లు ఒకరి తల్లిని ఒకరు, ఒకరి దేవుణ్ణి ఒకరు తిట్టుకున్నారు. నేను డోరు మెట్ల మీద పడి ఉన్నాను. ఉస్తాద్ మాత్రం స్టీరింగు మీద తల పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

పోలీసులు వచ్చి అందరినీ కిందికి దింపి కంకర మీద కూర్చోబెట్టారు. వాళ్లలో పెద్దాయనకు ఉర్దూ బాగా వచ్చు. ఏం జరిగిందని అడిగాడు. ఇక ఒక్కసారిగా అందరూ కామెంటరీ మొదలుపెట్టారు. డ్రైవరు మతం పేరు తీసి కొట్టాడని గంగారాం, మా దేవుణ్ణి తిట్టాకే కొట్టాడని హైదరాబాదీలు. ఆఖరి సీట్లో నిద్రపోతున్నవాడు కూడా కళ్లారా చూశానన్నాడు. మతం కొట్లాట అని ఆయన కాగితం మీద రాశాడంటే మొత్తం బస్సు జైలుకు, అక్కడి నుంచి విమానం ఎక్కి ఇంటికి. రెండు వైపులవాళ్లూ ఒకే విమానంలో. అది తెలిసి కూడా ఎవరూ నోరు మూయలేదు.

పెద్దాయన విసుగెత్తి డ్రైవరును పిలిచాడు. ఉస్తాద్ లేచి నిలబడి ఉర్దూలో చెప్పాడు. చెప్పడం అయ్యాక, ఎవరూ అడక్కుండానే, శుక్రవారం అలవాటు చొప్పున మావైపు తిరిగి అదే తెలుగులో చెప్పాడు.

"రేడియో పెట్టింది నేను. సౌండు పెంచింది నేను. లారీని గుద్దబోయింది నేను. ఈ అబ్బి రేడియో కట్టేసినాడు. ఆయప్ప తప్పేం లేదు. పానాతో మూతి మీద కొట్టింది నేను. నేను కొట్టిందాకా మతం మాట ఎవురి నోటా రాలా. నెత్తురు జూసి ఎనకోళ్లు లేసినారు. ఆ తర్వాత నేను తల వంచుకున్నా. జూడంది జెప్పను."

చెయ్యి విరగ్గొట్టింది ఎవరో, దేవుణ్ణి తిట్టింది ఎవరో చెప్పమని పెద్దాయన గద్దించాడు. ఎంత గద్దించినా ఉస్తాద్ నుంచి ఆ ఆఖరి మాటే వచ్చింది. మా అరుపులన్నీ ఒక పక్కన పెట్టి, పెద్దాయన డ్రైవరు కొట్టిన కేసుగా రాసుకున్నాడు. బేడీలు ఉస్తాద్‌కు ఒక్కడికే పడ్డాయి. మిగతావాళ్లలో ఒక్కడి ఉద్యోగం కూడా పోలేదు. జీపు ఎక్కుతూ ఆయన నాకు ఒక ఫోన్ నంబరు చెప్పాడు, కూతురి ఇంటి వెనకున్న రైసు మిల్లుది.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. కంపెనీ ఆయన వీసా కేన్సిల్ చేసి పంపేసింది. కడపలో ఆటో తోలుకుని బతికాడు. నేను తిరిగొచ్చాక జగిత్యాలలో సిమెంటు దుకాణం పెట్టుకున్నాను, వీలైనప్పుడల్లా వెళ్లి చూసొచ్చేవాణ్ణి. ఇంట్లో టీవీ రానివ్వలేదు. ఇంటికి ఎవరొచ్చినా నన్ను చూపించి, ఈ అబ్బి పన్ను పానాతో విరగ్గొట్టింది నేనే, ఆయప్ప తప్పేం లేదు, అని చెప్పేవాడు. ప్రతిసారీ అవే మాటలు, ఒక్కటి తగ్గించేవాడు కాదు. పోనీలే ఉస్తాద్ అంటే కోప్పడేవాడు. దుకాణంలో ఎవరైనా తగాదాతో వచ్చి గొంతు పెంచితే నేను కూడా ముందు బాలు యాడుందో చెప్పమంటాను. మా పిల్లలు నవ్వుతారు. నేను ఈ మాత్రం మనిషిగా మిగిలానంటే ఆ బస్సు పుణ్యమే, ఆ మనిషి రుణం నాకు తీరలేదు.

ఇక ఆ లాకప్ సంగతి. కుట్లు పడ్డ మూతి వాచి, గంజి తాగుతూ, ప్రతి సాయంత్రం రుసైల్‌లోని ఫోన్ బూత్ దగ్గర నిలబడేవాణ్ణి. లైను కలిసేది కాదు. మా గంగారాం, చేతికి పట్టీతో, వచ్చి నా వెనక నిలబడేవాడు. నా సంగతి కనుక్కోవడానికి కాదు, ఉస్తాద్ కూతురు ఏమైందో వినడానికే వచ్చేవాడు. చివరికి ఒకనాడు మోగింది. మిల్లు గుమాస్తా ఎత్తాడు. ఉండమన్నాడు. కాసేపటికి ఒక ఆడగొంతు, ఎవురన్నా మీరు, అంది.

మర్నాడే కంపెనీ మందూబ్, అంటే పోలీసు, పాస్‌పోర్టు పనులు చూసే మనిషి, నన్ను స్టేషనుకు తీసుకెళ్లాడు. దెబ్బతిన్నవాణ్ణి నేనే కాబట్టి నాకు ఫిర్యాదు లేదని సంతకం పెట్టాలి. పెట్టాక లాకప్ జాలీ దగ్గరికి వెళ్లనిచ్చారు. ఉస్తాద్ గడ్డం ఎరుపు దిగిపోయి తెల్లబడింది. నన్ను చూసి లేచి వచ్చి జాలీ పట్టుకున్నాడు. అడగడానికి భయపడుతున్నాడని అర్థమైంది.

"లైను కలిసింది ఉస్తాద్. బిడ్డ మంచిగనే ఉన్నది," అన్నాను.

"ఎవురు సెప్పినారు?"

"ఎవలో జెప్పుడు గాదు. ఆమెనే మాట్లాడింది. నా చెవులతోని నేనే ఇన్న."

మొదటి నుంచి చెప్పమన్నాడు. చెప్పాను. ముందు వాకిలికి నిప్పు పెట్టారు. ఆమె పిల్లవాణ్ణి భుజాన వేసుకుని వెనక గోడ ఎక్కి మిల్లు ఆవరణలోకి దూకింది. కాలు బెణికింది. ఊక కుప్పలో గొయ్యి చేసుకుని పిల్లవాడితో సహా మెడ దాకా కప్పుకుని కూర్చుంది. పిల్లవాడు ఏడవకుండా వేలు నోట్లో పెట్టింది. చప్పుళ్లు ఆగాక మిల్లువాళ్లు చూసి లోపలికి తీసుకెళ్లారు. అల్లుడు మర్నాడు క్షేమంగా వచ్చాడు. వాళ్ల వాకిలి కాలింది, ఒక మంచం కాలింది. పక్కిల్లు పక్కిల్లులాగే ఉంది. వీధంతా బూడిదైందన్నవాడిదీ అబద్ధమే, పొగే లేవలేదన్నవాడిదీ అబద్ధమే.

గోడ ఎంత ఎత్తుందని అడిగాడు. అది నేను అడగలేదు ఉస్తాద్, తెలియదు అన్నాను. తల ఊపాడు. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. అప్పుడు ఆయన జాలీకి నుదురు ఆనించి, అంత మనిషి, వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. కుట్లు తడిసి మూతి భగ్గుమని మండింది, అయినా ఆపుకోలేకపోయాను.

మందూబ్ వచ్చి టైమైందని నా భుజం తట్టాడు. తలుపు దాకా వెళ్లి వెనక్కి చూశాను. ఉస్తాద్ అప్పటికే లోపలున్నవాళ్లవైపు తిరిగి ఉర్దూలో మొదలుపెట్టాడు. పఠాన్లు, బెంగాలీలు, ఎవరెవరో, ఏ నేరాల మీద వచ్చారో ఏమో, అందరూ గోడల దగ్గర నుంచి లేచి ఆయన చుట్టూ చేరారు. కథ ఊక కుప్ప దగ్గరికి వచ్చినట్టుంది. ఉస్తాద్ నేల మీద గొంతుక్కూర్చుని, మోకాలంత ఎత్తున గాలిలో ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో అక్కడ లేని పిల్లవాడి జుట్టులోంచి ఊక ఒక్కొక్క పొట్టే ఏరి పక్కన పెడుతున్నాడు.